చిన్న దెబ్బ

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా ఆఫీసులోకి టీ వచ్చింది. రోజూ పదిన్నరకే రావాలి. క్యాంటీన్‌లో పాలు విరిగిపోవడంతో ఆలస్యమైంది. దాని మీద మా సెక్షన్ హెడ్ నా చేత ఒక ఫిర్యాదు రాయిస్తున్నాడు. "సిబ్బందికి తీవ్రమైన అసౌకర్యం" అన్నంతవరకు రాశాను. అప్పుడు ఫోన్ మోగింది.

ఆ ఫోన్ గురించి రాయమని మా కర్మాగారం పత్రికవాళ్ళు నన్ను రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ రాసిచ్చాను. రెండుసార్లూ తిప్పి పంపారు. "కాస్త స్ఫూర్తి కలిగేలా రాయండి సార్" అన్నాడు ఒకాయన. ఇంకొకాయన మొదటి పేరా తానే రాసి పెట్టాడు, అందులో ఆ ఫోన్ ఎవరి కబురు తెచ్చిందో ఆ కుర్రవాడు చిరునవ్వుతో నేలకొరిగాడు. అతను ఎలా పోయాడో పక్కనున్న మనిషి నా ముందే చెప్పాడు. అందులో చిరునవ్వు లేదు. కాబట్టి ఇది ఆ పత్రిక కోసం కాదు. నేను చేసిన ఉద్యోగంలో ఇప్పుడు కొత్తగా చేరుతున్న పిల్లల కోసం.

నేను పనిచేసింది భిలాయిలో, కాని పెద్ద ప్లాంటులో కాదు. దాని చుట్టూ వెలిసిన చిన్న కర్మాగారాల్లో ఒక ఫౌండ్రీలో. ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే చోటు. నాది సంక్షేమ విభాగం. అంటే కార్మికుల పిల్లల స్కూలు ఫారాలు, ఇళ్ళ పైకప్పు కారడాలు, దీపావళికి మిఠాయి డబ్బాలు. వీటితో పాటు ఎక్కడా రాసి ఉండని పని ఇంకొకటి ఉండేది. షాపులో, అంటే ఇనుము పోసే షెడ్డులో, ఎవరైనా పోతే వాళ్ళ ఇంటికి వెళ్ళి చెప్పాలి. ఆ రోజు నాటికి నేను అలా పదకొండు ఇళ్ళకు వెళ్ళి ఉన్నాను.

దానికో పద్ధతి ఉండేది. పోయాడని చెప్పకూడదు. "చిన్న దెబ్బ తగిలింది, హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు, రండి" అనాలి. జీపు ఎక్కించాలి. పావుగంటలో హాస్పిటల్ వరండా వస్తుంది, అక్కడ డాక్టరు ముఖం చూస్తే మిగిలింది తెలిసిపోతుంది. "వరండా దాకా చేర్చడం వరకే మన పని" అనేవాడు నాకు ఈ పని నేర్పిన పెద్దాయన.

నిజానికి దీని వల్ల ఎవరూ మోసపోయేవారు కాదు. మా విభాగం జీపు లేత ఆకుపచ్చ రంగుది. అది వీధిలోకి తిరిగితే ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి ఏ ఇంటి ముందు ఆగుతుందో చూసేవారు. ఆ పని మీద వెళ్ళిన ఇంట్లో నేను మంచినీళ్ళు తాగేవాణ్ణి కాదు. ఎందుకో నాకే తెలీదు, గొంతు దిగేవి కావు. అదీ అందరికీ తెలిసిపోయింది. మా దగ్గర చిన్న దెబ్బ అంటే ఏమిటో చిన్నపిల్లలకి కూడా తెలుసు. తెలిసీ ఆ పావుగంట తెలియనట్టు కూర్చునేవారు. అది నేను వాళ్ళకి చేస్తున్న మేలు అని చాలాకాలం అనుకున్నాను.

ఫోన్ చేసింది జిల్లా కేంద్రం నుంచి ఒక అధికారి. ఆ వేసవిలో సరిహద్దు కొండల మీద యుద్ధం జరుగుతోంది. మీ ఫౌండ్రీలో ఫలానా ఫోర్‌మన్ ఉన్నాడా అని అడిగాడు. ఉన్నాడన్నాను. ఆయన కొడుకు, పదాతిదళంలో లెఫ్టినెంట్, నిన్న తెల్లవారుజామున చనిపోయాడన్నాడు. టెలిగ్రాం దారిలో ఉంది, సాయంత్రం టీవీ వార్తల్లో వస్తుంది, ఈలోగా ఇంట్లో చెప్పండి, రేపు మధ్యాహ్నానికి భౌతికకాయాన్ని విమానంలో రాయ్‌పూర్‌కి తెస్తున్నారు అన్నాడు. నేను ఫిర్యాదు కాగితం వెనక ఇదంతా రాసుకున్నాను.

మా హెడ్ విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరే వెళ్ళండి. ఎలా చెప్పాలో ఆప్‌కో తో మాలూమ్ హై" అన్నాడు. నాకు తెలుసు. ఎలా చెప్పకూడదో కూడా నాకు ఆ ఒక్క ఇంటి విషయంలో తెలుసు.

ఆ ఫోర్‌మన్‌ది శ్రీకాకుళం వైపు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆయన భార్య ప్లాంటు హాస్పిటల్లో నర్సు, సెక్టర్ 7లో క్వార్టరు ఆవిడ పేర వచ్చింది. వాళ్ళకి ఒక్కడే కొడుకు. ఇక్కడే పుట్టి పెరిగాడు కాబట్టి వాడి మాటలో ఒక ముక్క తెలుగు, రెండు ముక్కలు హిందీ. నా దగ్గర పుస్తకాలు పట్టుకెళ్ళేవాడు. తిరిగి ఇచ్చేటప్పుడు లోపల బస్సు టికెట్లు, చింతపండు చాక్లెట్ కాగితాలు ఉండేవి. వాడు ఇంజనీరై ఫౌండ్రీకి రావాలని తండ్రి పట్టు. ఆ ప్రవేశ పరీక్ష రెండుసార్లు రాసి, రెండుసార్లూ మూడో ప్రశ్న దాకా వచ్చి బయట వాన చూస్తూ కూర్చున్నానని నాకు చెప్పాడు. డిగ్రీ అయ్యాక చెప్పకుండా సైన్యం పరీక్ష రాశాడు. తండ్రి నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత ఫౌండ్రీలో ప్రతి షిఫ్టులోనూ అదే మాట్లాడాడు.

వాడు చివరిసారి సెలవుకు వచ్చింది ఆ మార్చిలో. పవర్ హౌస్ అనే పేట మార్కెట్లో నేను కుక్కర్ రబ్బరు కొంటున్నాను, వాడు ఉన్ని మేజోళ్ళు వెతుకుతున్నాడు. భిలాయిలో మార్చిలో ఉన్ని మేజోళ్ళు అడిగితే దుకాణంవాడు నవ్వాడు. ఇద్దరం టీ తాగడానికి నిలబడ్డాం.

"అంకుల్, ఏక్ బాత్ పూఛూఁ?" అన్నాడు.

"అడుగు. తెలుగులో అడుగు."

"తెలుగులో సీరియస్ మాటలు నాకు రావు అంకుల్. అమ్మ తిట్లు మాత్రమే వచ్చు."

అయినా తెలుగులోనే చెప్పాడు. జనవరిలో వాడి కింద పనిచేసే సిపాయి ఒకడు బండి లోయలో పడి చనిపోయాడు. ఆ సిపాయి అన్నకి ఫోన్ చెయ్యాల్సిన పని వీడి మీద పడింది. ఊళ్ళో ఒకటే ఫోన్, కిరాణా కొట్లో.

"ఆయన్ని పిలుచుకొచ్చేసరికి ఇరవై నిమిషాలు అయింది. అంతసేపూ రిసీవర్ పట్టుకొని వాక్యాలు తయారు చేసుకున్నా. ఆయన హలో అనగానే అన్నీ సాఫ్. సీధా చెప్పేశా. మీ తమ్ముడు పోయాడు, నిన్న సాయంత్రం, బండి లోయలో పడింది అని. మొదటి వాక్యంలో చెప్పకపోతే ఇంక చెప్పలేను అనిపించింది."

"ఏమన్నాడు?"

"థాంక్యూ సాబ్ అన్నాడు. థాంక్యూ ఎందుకు అంకుల్?"

జవాబుకి బదులు నేను నా పద్ధతి గురించి చెప్పాను. చిన్న దెబ్బ, జీపు, వరండా. పనితనం తెలిసిన మేస్త్రీ కొత్తవాడికి చెప్పినట్టు చెప్పాను. వాడు గ్లాసు పక్కన పెట్టాడు.

"నాకు తెలుసు. మా ఎదురింటివాడి నాన్న పోయినప్పుడు నేను వాళ్ళింట్లోనే ఉన్నా. మీరు వచ్చేసరికి క్యారమ్స్ ఆడుతున్నాం. మీరు చిన్న దెబ్బ అన్నారు. వాడు దారిలో జీపు ఆపించి కమలాపళ్ళు కొన్నాడు, పప్పాకి అని. గుర్తుందా?"

గుర్తుంది. జీపు ఆపమని డ్రైవరుకు చెప్పింది నేనే. ఎంత ఓపికగా ఆపించానో అని అప్పుడు నా మీద నాకు గౌరవం కూడా కలిగింది.

"ఆ పళ్ళు ఇంటికి తెచ్చారు. ఎవరూ తినలేదు, ఎవరూ పారెయ్యలేదు. బుట్టలోనే బూజు పట్టాయి. మా ఇంటికి అలా రాకండి అంకుల్. వస్తే మొదటి వాక్యంలో చెప్పెయ్యండి."

"అవేం మాటలురా" అన్నాను.

"ప్రామిస్ చెయ్యండి. లేకపోతే మీ పుస్తకం వాపస్ ఇవ్వను."

వాడి దగ్గరున్నది నాకు ఇష్టమైన లావుపాటి నవల. సరే అన్నాను. అంత తేలిగ్గా అన్నాను.

ఆ రోజు జీపు బ్రేకులు పోయి గ్యారేజీలో ఉంది. నేను స్కూటర్ మీద బయల్దేరాను. దారి పొడుగునా ఒకే వాక్యం అనుకుంటూ వెళ్ళాను. అబ్బాయి పోయాడు. రెండే మాటలు. సెక్టర్ 7లోకి తిరిగేసరికి పన్నెండున్నర. వీధిలో ఎవరూ గుమ్మాల్లోకి రాలేదు. స్కూటర్‌ని చూసి ఎందుకు వస్తారు?

ఫోర్‌మన్‌కి మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు. వరండాలో కూలర్ విప్పి పెట్టుకొని పాత గడ్డి లాగేస్తున్నాడు. చేతులకి తడి, బనియన్ నిండా గడ్డి.

"ఏటోయ్, ఈ వేళప్పుడు? స్కూటరెక్కేవేటి, మీ యమధర్మరాజు బండి ఏమయింది?"

"గ్యారేజీలో ఉంది."

"అక్కడే ఉండనీ. అది మా వీధిలోకి వస్తే ఆడాళ్ళకి అన్నం సయించదు."

అప్పుడు చెప్పాలి. ఆయన నవ్వుతున్నాడు. నేను నోరు తెరిచాను. పదకొండు ఇళ్ళలో చెప్పిన వాక్యం పన్నెండోసారి దానంతట అదే వచ్చేసింది.

"అబ్బాయికి చిన్న దెబ్బ తగిలిందట. హాస్పిటల్లో ఉన్నాడు."

ఆయన చేతిలో గడ్డి కింద పెట్టాడు. "ఎక్కడ తగిలింది?"

"కాలికి."

ఏ కాలు అని అడగలేదు. అడిగి ఉంటే అదీ చెప్పేవాణ్ణి. ఏ హాస్పిటల్ అని అడిగితే జమ్మూ వైపు అన్నాను. ఒక్క అబద్ధం చెప్పి ఊరుకుందామంటే కుదరదు, అది కాళ్ళూ చేతులూ అడుగుతుంది. ఆయన భార్య లోపలి నుంచి స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఆ వారం ఆవిడకి రాత్రి డ్యూటీ, నిద్ర మధ్యలో లేచి వచ్చినట్టుంది.

"ఏటి తమ్ముడూ, నిజవేనా?" అంది.

"నిజమే అక్కా."

గ్లాసు అందుకొని కూలర్ మీద పెట్టాను. సాయంత్రంలోగా వివరాలు కనుక్కొని వస్తానని చెప్పి స్కూటర్ స్టార్ట్ చేశాను.

నా ఆలోచన ఏమిటంటే, గంటలో ఆవిడతో పనిచేసే పెద్ద నర్సుని వెంటబెట్టుకొని తిరిగొచ్చి మిగిలింది చెబుదామని. మా పద్ధతిలో చిన్న దెబ్బకీ నిజానికీ మధ్య పావుగంట దూరం, చివర ఒక వరండా. ఈసారి వరండా దేశం అవతలి కొసన ఉందన్న సంగతి నాకు తట్టలేదు. ఇరవై ఏళ్ళ అనుభవం అంటారే, అది ఇలాంటప్పుడు ఎందుకూ కొరగాదు.

ఆ గంట కూడా నాకు దొరకలేదు. ఆఫీసు గేటు దగ్గరే పట్టుకొని పై గదికి తీసుకెళ్ళారు. రేపటి ఏర్పాట్ల మీద సమావేశం. షామియానా ఎక్కడ వెయ్యాలి. మొదటి పూలదండ మా యాజమాన్యానిదా, రాజకీయ నాయకులదా. బ్యాండు మేళం స్కూలు పిల్లలదైతే బాగుంటుందా. బ్యానర్ మీద వీరుడు అనాలా, అమరవీరుడు అనాలా, ఉక్కునగరి ముద్దుబిడ్డ అనాలా అన్నదాని మీద నలుగురు చదువుకున్న పెద్దమనుషులు నలభై నిమిషాలు వాదించారు. నేను మూడుసార్లు లేచాను. "బైఠియే, బైఠియే, మీకు ఆ కుటుంబం తెలుసు కదా, చెప్పండి, వాళ్ళకి ముద్దుబిడ్డ నచ్చుతుందా?" అని మూడుసార్లూ కూర్చోబెట్టారు. వాళ్ళకి ఇంకా అసలు సంగతే తెలియదని చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్పే వచ్చానని అందరూ అనుకుంటున్నారు.

నాలుగింటికి పెద్ద నర్సుతో కలిసి సెక్టర్ 7 చేరాను. కూలర్ అలాగే విప్పి ఉంది. దాని మీద గ్లాసు, అందులో నీళ్ళు అలాగే ఉన్నాయి. ఆవిడ గడప మీద కూర్చుని ఉంది.

"ఆయనేరీ?"

"వెళ్ళిపోయేరు. షిఫ్టులో ఎవరో స్కూటర్ మీద దుర్గ్ స్టేషన్‌కి దింపేరు. రెండున్నర బండికి."

"ఎక్కడికి?"

"నువ్వు చెప్పిన దగ్గరికే. కాలన్నావు గదా, పాంటు తొడుక్కోలేడని వాడి కోసం రెండు లుంగీలు పట్టుకెళ్ళేరు. కొత్తవి."

నేను ఆ వరండాలో గడ్డి మీద కూర్చున్నాను. ఇంక ఆవిడకి నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. నేను గ్లాసు పెట్టేసినప్పుడే ఆవిడకి తెలిసిపోయింది. హాస్పిటల్ వరండాలో ఇన్నేళ్ళూ నేను తెచ్చిన మనుషులకి ఎదురొచ్చింది ఆవిడలాంటి వాళ్ళే కదా.

"తెలిస్తే ఆపలేదేం అక్కా?"

"ఆపితే నేను చెప్పాలి గదా. నువ్వు చెప్పని మాట నా చేత చెప్పిస్తావేటి?"

అప్పుడు ఏడ్చింది. పెద్ద నర్సు పక్కన కూర్చుంది. ఆవిడ ఏడుస్తూనే, "ఆయన్ని తీసుకురా తమ్ముడూ. వాడు వచ్చేసరికి ఆయన ఉండకపోతే నిన్ను నేను క్షమించను. ఆయన్ని తీసుకురా" అంది.

లెక్క చూస్తే సంగతి ఇదీ. కొడుకు రేపు మధ్యాహ్నం రాయ్‌పూర్‌లో దిగుతాడు. ఎండాకాలం, రేపు సాయంత్రమే దహనం అని అప్పటికే నిర్ణయించారు. తండ్రి కొడుకు దగ్గరికని ఉత్తరానికి పోతున్నాడు. ఎవరూ ఆపకపోతే రేపు సాయంత్రానికి ఢిల్లీలో దిగి అక్కడి నుంచి ఇంకా పైకి వెళ్తాడు. అప్పటికి మన చేతుల్లో సెల్ ఫోన్లు లేవు.

మా ఫౌండ్రీ సరుకు వ్యాగన్లు బుక్ చేసేది పవర్ హౌస్ స్టేషన్లో. అక్కడి స్టేషన్ మాస్టర్ విజయనగరం మనిషి. నేను చెప్పింది విని ఒక్క ప్రశ్న వేశాడు.

"ఆయనకి ఏటి చెప్పి పంపేవు గురూ?"

"చిన్న దెబ్బ అన్నాను."

"మీ ఫౌండ్రీవాళ్ళకి బుద్ధి లేదు" అని ఫోన్ తీశాడు. వాళ్ళ కంట్రోల్ లైను మీద ఒకరి నుంచి ఒకరికి కబురు నడిపించాడు. బండి ఏడు గంటల ప్రాంతంలో నాగపూర్ చేరుతుంది. అక్కడ మైకులో పేరు పిలిపిస్తారు. భిలాయి నుంచి వచ్చిన ఫలానావారు స్టేషన్ మాస్టర్ గదికి రావాలి అని. అంతకు మించి చేయగలిగిందేమీ లేదు. ఆయన కిటికీ పక్కన కూర్చుని నిద్రపోతే అంతే. టీ తాగడానికి దిగకపోతే అంతే. మూడు గంటలు నేను ఆ గదిలో బల్ల మీద కూర్చున్నాను. అన్నిటికంటే చికాకు పుట్టించింది ఏమిటంటే, అంతసేపూ నా బుర్ర మళ్ళీ మెత్తటి వాక్యాలే తయారు చేస్తోంది. 'ఇంటి దగ్గర కొంచెం అర్జెంటు పని' అని చెప్పించి వెనక్కి రప్పిస్తే? 'అబ్బాయినే ఇక్కడికి తెస్తున్నారు' అంటే? అదైతే అబద్ధం కూడా కాదు కదా?

ఏడూ పదికి ఫోన్ వచ్చింది. అవతలి ఉద్యోగి హిందీలో, ఆయన వచ్చాడు, నా ఎదురుగా నిలబడ్డాడు, ఏం చెప్పమంటారు అన్నాడు. విజయనగరం ఆయన రిసీవర్ మీద చెయ్యి మూసి నా వైపు చూశాడు. "ఏటి చెప్పమంటావు?"

"ఏం చెప్పొద్దు. ఆయనకి ఫోన్ ఇమ్మనండి."

రిసీవర్ తీసుకున్నాను. వెనక ప్లాట్‌ఫారం గోల, సమోసాల వాడి కేక.

"హలో, ఎవరూ?"

"నేనే. అబ్బాయి పోయాడు. నిన్న తెల్లవారుజామున. నేను మీకు అబద్ధం చెప్పాను. దెబ్బ కాలికి కాదు, హాస్పిటల్ లేదు. రేపు మధ్యాహ్నం ఇక్కడికి తెస్తున్నారు. మీరు వెనక్కి రండి."

సమోసాల వాడు దూరంగా వెళ్ళిపోయాడు. ఆ బండి కదిలిన చప్పుడు కూడా విన్నాను.

"నాకు చిన్న దెబ్బంటే తెలీదేటి?" అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. "ఇరవై ఆరేళ్ళ నుంచి ఆ ఫౌండ్రీలో ఉన్నాను. ఇంకెవడొచ్చి ఆ మాటన్నా అక్కడే కూలిపోదును. పోయిన నెల వాడు ఉత్తరం రాసేడు. ఏదైనా అయితే అంకుల్ వస్తారు నాన్నా, ఆయన నాకు మాటిచ్చేరు, మీ దగ్గర తిప్పి చెప్పరు, ఆయన ఏం చెప్తే అదే నిజం అనుకోండి అని. అందుకే నువ్వు చిన్న దెబ్బంటే చిన్న దెబ్బే అనుకున్నాను. మీ అక్క ఏడుస్తూంటే తిట్టేను కూడాను. ఆయన మాటిచ్చిన మనిషే, ఏడుపేటి అని."

అవతల మైకులో ఇంకో బండి పేరు వినిపించింది.

"వెనక్కి బండి ఎప్పుడో కనుక్కో" అన్నాడు.

తెల్లారి ఆరింటికి దుర్గ్ స్టేషన్లో దిగాడు. నేను ప్లాట్‌ఫారం మీద ఉన్నాను. చేతిలో రెక్సిన్ సంచీ, దాని నోట్లోంచి లుంగీల అంచు కనిపిస్తోంది. సంచీ అందుకోబోతే ఇవ్వలేదు. జీపు బ్రేకులు ఆ రాత్రి బాగుచేయించాను. ఆయన దాన్ని చూశాడు, ఎక్కాడు. సెక్టర్ 7లోకి తిరిగేసరికి ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. ఆ ఒక్కసారే వాళ్ళందరికీ ముందే తెలుసు, జీపులో కూర్చున్నాయనకి కూడా తెలుసు.

ఆ సాయంత్రం జరిగినదంతా రాయను. షామియానా సరైన చోటే వేశారు. ముద్దుబిడ్డ నెగ్గింది. తొమ్మిది మంది మాట్లాడారు, వాళ్ళలో వాణ్ణి ఒక్కసారైనా చూసినవాళ్ళు ఒక్కరే, వాడి స్కూలు లెక్కల మాస్టారు. ఆయన మైకు ముందు నిలబడి, లెక్కలు సరిగ్గా వచ్చేవి కావు, మంచి పిల్లవాడు, అని దిగిపోయాడు. నిర్వాహకులకి అది నచ్చలేదు.

శవపేటిక వెంట వచ్చిన కెప్టెన్ వాడికంటే రెండేళ్ళు పెద్దవాడేమో. ఊరేగింపుకు ముందు, ముందుగదిలో మేము నలుగురమే ఉన్నప్పుడు, ఫోర్‌మన్ అతన్ని హిందీలో అడిగాడు. ఎలా జరిగింది?

ఆ కెప్టెన్ నిలబడే చెప్పాడు. రాత్రంతా ఎక్కాం. ముందు అతనున్నాడు. పైకి చేరేసరికి వెలుగొచ్చేసింది, మమ్మల్ని చూశారు. హవల్దార్ ఒకతను దెబ్బతిని వాలు మీద పడ్డాడు. అతన్ని వెనక్కి లాగడానికి మీ అబ్బాయి వెళ్ళాడు. లాగాడు. తిరిగేటప్పుడు మెడ దగ్గర తగిలింది. హవల్దార్ బతికాడు.

"వెంటనే పోయాడా?"

"లేదు. ఐదారు నిమిషాలు ఉన్నాడు. నేను పక్కనే ఉన్నాను."

"నొప్పి పడ్డాడా?"

కెప్టెన్ వాడి తల్లి వైపు చూశాడు. ఆవిడ చెప్పమన్నట్టు తల ఊపింది.

"పడ్డాడు" అన్నాడు.

ఫోర్‌మన్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "థాంక్యూ బేటా" అన్నాడు.

పవర్ హౌస్ మార్కెట్లో వాడు నన్ను అడిగిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది. జవాబు చెప్పడానికి వాడు లేడు.

తర్వాత నాలుగు నెలలు ఫోర్‌మన్ నాతో మాట్లాడలేదు. షాపులో ఎదురుపడితే పక్క దారిన పోయేవాడు. వాడి దగ్గరున్న నా నవలని మాత్రం ఆవిడ ఎవరి చేతనో పంపించింది. లోపల బస్సు టికెట్ ఉంది. నేను ఆ పుస్తకం మళ్ళీ తెరవలేదు.

ఆ చలికాలం ఒక పొద్దున్న అచ్చు పగిలి కరిగిన ఇనుము మీద పడి, అచ్చులు కట్టే మౌల్డర్ ఒకతను పోయాడు. నేను జీపు దగ్గరికి వచ్చేసరికి ఫోర్‌మన్ అందులో కూర్చుని ఉన్నాడు.

"నేనూ వస్తాను" అన్నాడు. "నువ్వు మళ్ళీ తడబడతావు."

మౌల్డర్ ఇల్లు నందిని గనులకి వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో. భార్య పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నేను ఆవిడ ముందు నిలబడి, మొదటి వాక్యంలో చెప్పేశాను. ఆవిడ నా చొక్కా పట్టుకొని ఛత్తీస్‌గఢీలో తిట్టింది. మీకు నోరెలా వచ్చింది, దెబ్బ తగిలిందని అనొచ్చు కదా, అందరికీ అలాగే చెబుతారు కదా, నాకే ఎందుకు ఇలా చెప్పారు అంది. నేను ఫోర్‌మన్ వైపు చూశాను. ఆయన ఏ సాయమూ చెయ్యలేదు. చేతులు కట్టుకొని నిలబడ్డాడు. చాలాసేపటికి ఆవిడ చొక్కా వదిలి, మా ఆయన ఏమైనా మాట్లాడాడా అని అడిగింది. మాట్లాడలేదని చెప్పాను. ఎక్కడున్నాడని అడిగింది. చెప్పాను. తీసుకెళ్ళమంది. దారిలో ఆవిడ ఎక్కడా జీపు ఆపమనలేదు.

మీలో కొందరు నన్ను అడుగుతుంటారు, సార్, అలా మొహం మీద చెప్పెయ్యడం క్రూరం కాదా అని. క్రూరమే. చొక్కా పట్టుకుంటారు, తిడతారు, ఒకాయన చెప్పు విసిరాడు. ఎదురుగా నిలబడాలి. మెత్తగా చెప్పే దారి ఏదైనా ఉందేమో అని నన్ను అడక్కండి. నేను వెతికినంత ఎవరూ వెతికి ఉండరు. ఆ దారి మెత్తగా ఉండేది చెప్పేవాడికే.

ఫోర్‌మన్ రిటైరయ్యేదాకా నాతో మూడు ఇళ్ళకు వచ్చాడు. ఎక్కడా నోరు తెరవలేదు. మూడో ఇంట్లో నీళ్ళు ఇస్తే ఇద్దరం తాగాం.

లేత ఆకుపచ్చ జీపు తుక్కుకి పోయింది. దాని బదులు వచ్చినది తెల్ల వ్యాను, అలాంటివి ఊళ్ళో చాలా ఉన్నాయి. ఏటా ఫోర్‌మన్ కొడుకు పోయిన తేదీన, ఊళ్ళో పెట్టిన వాడి విగ్రహం దగ్గర సభ పెడతారు, నేను వెనక వరసలో నిలబడి ముందే వచ్చేస్తాను. మా విభాగంలో ఇప్పుడు ఎవరూ చిన్న దెబ్బ అని చెప్పరు.